యా ఊరు మీది?

రాత్రి పదింటికే నీళ్ల చెంబు తీసేశాను.
బల్ల మీద చెంబున్న చోట ఒక తడి వలయం.
దాన్నే చూస్తా పడుకోనుంది చెంగమ్మ,
పద్నాలుగో మంచం, గర్భసంచి, పొద్దున మొదటి కేసు.
"ఒక్క గుక్క, సిస్టరమ్మా. గొంతు తడుపుకుంటా."
వద్దన్నాను.
వద్దనడం నా ఉద్యోగంలో సగం.

ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేయమంటే
బొటనవేలు చూపించింది.
గీతల మీద గీతలు, నున్నగా అరిగిన చర్మం.
"రేషనంగట్లో మిషన్ కూడా నన్ను గుర్తుపట్టదు."
పెన్ను పట్టుకొని, ఊపిరి బిగబట్టి,
చెం తర్వాత కాసేపు ఆగి
గమ్మ రాసింది.

ఐదింటికి ఆకుపచ్చ తెర లాగాను.
కిటికీలో కొండ ఇంకా నల్లగా ఉంది,
ఘాటురోడ్డు దీపాలు మాత్రం వంకర్లు తిరిగి పైకి పోతున్నాయి.
నా ట్రేలోకి వంగి చూసింది.
"కత్తి యాడ?"
కత్తి వాడమమ్మా ఇప్పుడు, ఈ క్లిప్పరే.
కత్తయితే కంటికి కనపడని గాట్లు పడతాయి,
ఆ గాట్లలో చీము పడుతుంది.
"నా చేతిలో పడలా," అంది.
కోపం కాదు. లెక్క చెప్పినట్టు.

పదహారేండ్లుగా కల్యాణకట్టలో గుండ్లు గీస్తా ఉందంట.
తలకొక సగం బ్లేడు.
ఒంగోలు తలలు, హోసూరు తలలు,
మొక్కు మర్చిపోయి ముప్పై ఏండ్లకి గుర్తొచ్చిన తలలు.
నీళ్లు చల్లి, అరచేత్తో రుద్ది, మెడ కొంచెం వంచి.
ఇప్పుడు ఆమె పొట్ట నా చేతి కింద
రాయిలాగా బిగుసుకుంది.
క్లిప్పర్ గుర్రుమంటోంది. నేను ఆగిపోయాను.

"భయపడే తలని గీయకూడదమ్మా," అంది కళ్లు మూసుకొనే.
"పసిబిడ్డలు గింజుకుంటారు చూడు,
అప్పుడడగతా, యా ఊరు నాయనా మీది? అని.
వాడు ఊరు చెప్పి, ఊర్లో కుక్క పేరు చెప్పేలోపల
ఒక పక్కంతా అయిపోతాది."

సరే.
యా ఊరమ్మా మీది?

"పుత్తూరు పక్కన పల్లె.
ఎముకిరిగింటే మా కాడే కట్టు కట్టించుకోనుంటా,
నీ దగ్గరికెందుకొస్తా?"
నవ్వింది. పొట్ట మెత్తబడింది.
ఆ నవ్వు అయిపోకముందే నా పని అయిపోయింది.

మెట్టెలు రాలేదు. సబ్బునీళ్లు పోసి తిప్పితే
ఒకటి ఊడి మంచం కిందికి దొర్లింది,
మోకాళ్ల మీద వంగి వెతికాను.
పసుపుతాడు తనే తీసి, కళ్లకద్దుకొని,
రుమాల్లో మూటకట్టి, వరండాలో మొగుడు నరసింహులుకిమ్మంది.
"ఎంచుకోమని చెప్పు. లెక్క తప్పతాడు."
మెడ ఒట్టిదయింది. చేత్తో తడుముకుంది, రెండుసార్లు.
వెనక ముడేసే ఆ పచ్చగౌను తొడిగి
ముడి నేనే వేశాను. కట్టుడుపళ్లు లేవు. గోళ్లకి రంగు లేదు.
నరం రెండో పోటుకి దొరికింది.
ఆ మొదటి పోటుకి ఆమె ఏమీ అనలేదు గానీ
నా చేయి వైపు చూసిన చూపు
పనితనం తెలిసినవాళ్ల చూపు.

థియేటర్ తలుపు దగ్గర మాస్కు కట్టుకున్న సిస్టర్
ఫైలు తెరిచింది:
పేరు? యా ఊరు మీది? ఏం ఆపరేషన్?
చెంగమ్మ ట్రాలీ మీద నుంచి తల తిప్పి నన్ను చూసింది.
"ఈమె కూడా గీసే మనిషేనా?"
తలుపు మూసుకుంది.

వార్డుకి తిరిగొచ్చాను.
ట్రేలో గుప్పెడు కూడా లేని వెంట్రుకలు.
కొండ మీదయితే దీనికొక మొక్కుండేది, హుండీ ఉండేది.
ఇక్కడ పసుపు సంచి.
బల్ల మీద తడి వలయం ఎప్పుడు ఆరిందో చూడలేదు.

రిజిస్టరు తీసి రాశాను:
మూత్రం పోసింది. నగలు అప్పగించాము.
వెంట్రుకలు తీశాము.
చర్మం మీద గాట్లు: లేవు.

ఆ లేవు కింద
ఎవరూ అడగకపోయినా
ఒక గీత గీశాను.